నొసటి ఫిర్యాదు

ముందే ఒప్పేసుకుంటాను. మా అమ్మ దగ్గర్నుంచి మెయిల్ వచ్చినప్పుడు నేను నొసలు చిట్లించాను. ఒకసారి కాదు, చాలాసార్లు. అమ్మంటే ఇష్టం లేక కాదు. పైన 'అర్జంటు, వెంటనే చూడు' అని రాసి లోపల పనసకాయ ఫొటో పెట్టే మనిషి పేరు కనిపిస్తే నొసలు చిట్లకుండా ఉండడం ఎవరి తరం? మీరెప్పుడూ అలా చెయ్యలేదంటే సంతోషం, మీరు నాకంటే బుద్ధిమంతులు. మిగతావాళ్లు కాస్త దగ్గరికి జరగండి. ఈ కథ మన నొసళ్లది. మనందరి ముక్కుల మీద కూర్చున్న కబురు కళ్లజోడుకి చదువు చెప్పిన పైల గీర్వాణిది.

అప్పటికి గీర్వాణికి ఇంకా ముప్ఫై నిండలేదు. విశాఖపట్నంలో, రుషికొండ మీద, కిటికీలోంచి సముద్రం కనిపిస్తున్నా ఎవరికీ చూసే తీరిక లేని ఒక చిన్న మెయిల్ కంపెనీలో పనిచేసేది. కంపెనీ పేరు కబురు. వాళ్లకొక చిక్కు ఉండేది. జనానికి చెత్త మెయిళ్లు వస్తాయి, జనం తిట్టుకుంటారు, కానీ 'స్పామ్' అన్న బటన్ నొక్కరు. తిట్టడానికున్న ఓపిక నొక్కడానికి ఉండదు. నొక్కితే కదా, ఆ ఫిర్యాదు పంపినవాడి దగ్గరకు తిరిగి వెళ్లి, 'ఈయనకి నీ మెయిళ్లు వద్దట' అని తెలిసేది. ఫిర్యాదులు అలా వెనక్కి వెళ్లే దారిని ఫీడ్ అంటారు. దారి ఉంది, దాని మీద నడిచే ఫిర్యాదే లేదు.

"చెయ్యి బద్ధకించినా మొహం బద్ధకించదు కదండీ" అంది గీర్వాణి ఒకరోజు టీ దగ్గర.

ఆ మాట విన్నది కంపెనీ యజమాని ఫణీంద్ర. రాజమండ్రి మనిషి. ఎవరేం చెప్పినా ముందు నవ్వేసి, ఆ తర్వాత మూడు రోజులు దాని గురించే ఆలోచించే రకం. ఆ ఏడాది చివరికి ఒక కళ్లజోడు తయారైంది. ముక్కు మీద ఆనేచోట వెంట్రుకంత తీగ. కనుబొమల మధ్య కండ ఏమాత్రం కదిలినా దానికి తెలుస్తుంది. మెయిల్ వచ్చినట్టు అద్దం మీద పేరు మెరుస్తుంది, ఆ క్షణంలో నొసలు చిట్లిందా, అదే ఫిర్యాదు. బటన్లు లేవు, నొక్కడాలు లేవు.

మొదటి పరీక్ష ఫణీంద్ర మీదే చేశారు.

"భోగాపురం ఎయిర్‌పోర్టుకి కూతవేటు దూరంలో ప్లాట్లు" అని ఒక మెయిల్ వదిలింది గీర్వాణి. ఆమె ముందున్న తెర మీద ఎర్ర దీపం వెలిగింది.

"నేనేం ముడవలేదమ్మా" అన్నాడు ఫణీంద్ర.

"మీరు ముడవలేదండీ. మీ నొసలు ముడిచింది."

"అంటే నాకు తెలీకుండా నా మొహం నా మీద చాడీలు చెబుతోందా?"

"మీ మీద కాదండీ. ప్లాట్లాయన మీద."

ఆయన నవ్వేశాడు. మూడు రోజుల తర్వాత, ఇది జనంలోకి వదిలేద్దాం అన్నాడు.

వదిలే ముందు కళ్లజోడుకి పాఠం చెప్పాలి. ఏది విసుగు ముడతో, ఏది ఎండకి పడ్డ ముడతో దానికి తెలియాలి. కొన్ని వేల నొసళ్లని గీర్వాణే కూర్చుని చూసింది. అప్పులిస్తామనేవాళ్ల మెయిళ్లు, జుట్టు మొలిపిస్తామనేవాళ్ల మెయిళ్లు, లాటరీ తగిలిందనేవాళ్ల మెయిళ్లు జనానికి చూపించి, చిట్లిన ప్రతి నొసటి పక్కనా 'విసుగు' అని గుర్తు పెట్టింది. ఇంటివాళ్ల మెయిళ్లు పాఠానికి వాడకూడదని కంపెనీ నియమం. మంచి నియమమే, ఒకళ్ల ఇంటి సంగతులు ఇంకొకళ్లు చూడకూడదు కదా. కాకపోతే ఆ మంచి నియమం వల్ల, ఆ కళ్లజోడు పుట్టాక చూసినవన్నీ ఒకే జాతి ముడతలు.

కళ్లజోడు చకచకా అమ్ముడుపోయింది. ఏ బటనూ నొక్కని జనం 'అంగీకరిస్తున్నాను' అన్న బటన్ మాత్రం అందరూ నొక్కారు. మెయిళ్లు పంపేవాళ్లందరికీ ఫిర్యాదుల ఫీడ్ ఊరికే ఇచ్చారు. ఎవరి నొసలు చిట్లిందో చూసుకోవడం, మర్యాదగా వాళ్ల పేరు తీసేయడం. అదీ పద్ధతి.

ఆ పద్ధతిని మొదట్నుంచీ పాటించని మనిషి ఊరు మొత్తం మీద ఒక్కరే. ఆవిడ గీర్వాణికి సొంత పిన్ని.

*

నూకరత్నం గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు. ఆవిడ కూతురు బుల్లికి తలసీమియా. ఒంట్లో రక్తం సరిగా తయారుకాదు, మూడు నాలుగు వారాలకొకసారి ఎవరిదో ఒకరిది ఎక్కించాలి. బుల్లిది బి నెగటివ్. దొరకని సరుకు. అందుకని నూకరత్నం ఊళ్లో ఉన్న నెగటివ్ గ్రూపు మనుషులందర్నీ ఒక్కొక్కరినే వెతికి పట్టుకుని ఒక గుంపుగా చేసింది. బుల్లికే కాదు, ఆ ఆసుపత్రికి వచ్చే అలాంటి పిల్లలందరికీ. అవసరం వచ్చినప్పుడల్లా అందరికీ మెయిల్ పెడుతుంది. వీలున్నవాళ్లు తమంతట తామే బ్లడ్ బ్యాంకుకి వెళ్లి ఇచ్చేసి వస్తారు.

ఆదివారం గీర్వాణి వెళ్లేసరికి పిన్ని వంటింటి గట్టు మీద ఫోన్ నిలబెట్టి, చేపలు కడుగుతూ మాట్లాడుతోంది.

"ఏం నాయనా, నా మెయిల్ సూసి మొకం ముడుసుకున్నావట. ఇంట్లో అందరూ బాగున్నారేటి? ఆఁ... ఆఁ... అయ్యో, నాన్నగారికా? ఎప్పుడు? మరి సెప్పవేం? పర్వానేదు, నువ్వు ఇప్పుడు రావద్దు. ఆయన్ని సూసుకో. నాను ఎల్లుండి ఫోన్ సేస్తాను."

ఫోన్ పెట్టేయగానే గీర్వాణి నడుం మీద చేతులు పెట్టుకుంది. "పిన్నీ, అది పద్ధతి కాదు. నొసలు చిట్లించాడంటే ఇంక పంపొద్దని. నువ్వు పేరు తీసెయ్యాలి, ఫోన్ చెయ్యకూడదు."

"మొకం ముడుసుకున్నోడిని వదిలెయ్యమని ఏ ఊళ్లో సెప్తారే?"

"ఇంటర్నెట్‌లో చెప్తారు."

"అదే మరి. క్లాసులో గుంటడు దిగాలుగా కూసుంటే, పేరు కొట్టేస్తానేటి? ఏరా, ఏటయిందిరా అని అడుగుతాను. సగంమందికి ఆకలే ఉంటాది." చేప ముక్క తీసి పళ్లెంలో వేసింది. "ఈ నెల నలుగురు ముడుసుకున్నారు. ఒకడికి నాన్నకి బాగోనేదు. ఒకమ్మాయి నీళ్లు పోసుకున్నాదట, ఇంకెవరికీ సెప్పనేదు, నాకే ముందు సెప్పింది. ఇంకొకాయన, సూది అంటే బయం మేడం అన్నాడు. తోడు నానొస్తాలే అన్నాను."

"నాలుగో ఆయన?"

"ఆయనకి నిజంగానే విసుగు. పేరు తీసేసినాను. నాను మొండిదాన్ని కాదు."

ఖో ఖోలో గెలిచిన కప్పు చంకలో పెట్టుకుని బుల్లి లోపలికి వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల, మనిషికంటే జడలు బరువు.

"అక్కా, నీ కళ్లజోడు ఒకసారి మా అమ్మకి పెట్టు. నా లెక్కల మార్కులు సూపిస్తాను. పేలిపోద్ది."

తర్వాతి వారం ఫణీంద్ర గీర్వాణి బల్ల దగ్గరకొచ్చి కుర్చీ లాక్కున్నాడు. "గీర్వాణీ, నూకరత్నం టీచరు గారంటే మీ పిన్నిగారటగా? కాలేజీలో ఎప్పుడో రక్తం ఇచ్చినప్పుడు నా పేరు రాసుకున్నారట. మెయిల్ చూసి నేను నొసలు చిట్లించానని ఫోన్ చేశారు. మా అమ్మ కూడా అలా అడగదు. నాకే సిగ్గేసి వెళ్లి ఇచ్చొచ్చాను."

"సారీ అండీ. పద్ధతి చెప్పాను, వినట్లేదు."

"పద్ధతి సంగతి సరే, ఆవిడ ఉప్మా కూడా పెట్టించారు" అన్నాడు ఫణీంద్ర.

*

ఫీడ్‌కి ధర పెట్టాలన్న మాట వర్షాకాలంలో వచ్చింది. ఫణీంద్ర దుర్మార్గుడేం కాదు. కళ్లజోడు ఎంత అమ్ముడుపోయినా, కోట్ల నొసళ్లని కనిపెట్టే యంత్రాల ఖర్చు అంతకంటే ఎక్కువ. జీతాలు ఆలస్యమవుతున్నాయి. అందరినీ కూర్చోబెట్టి తెల్లబోర్డు మీద ఒక బాణం గీశాడు.

"ఫిర్యాదు తెలిస్తే బాగుపడేదెవరు? పంపేవాడు. ఎవరు తిడుతున్నారో తెలుసుకుని వాడు వ్యాపారం సర్దుకుంటాడు. మరి మనం ఊరికే ఎందుకివ్వాలి? నెలకింతని కడితే ఫీడ్ ఇద్దాం."

"కట్టలేనివాళ్ల సంగతండీ?" అంది గీర్వాణి.

"వాళ్లు మెయిళ్లు పంపుకోవచ్చు. ఫిర్యాదులు మాత్రం కనబడవు."

"కనబడని ఫిర్యాదు లెక్కలోకి వస్తుందా?"

"రాకపోతే ఎలాగమ్మా? కళ్లజోడు కొన్నవాడు ఊరుకుంటాడా? నొసలు చిట్లిస్తే ఆ పంపినవాడి మెయిళ్లు ఇంక కనబడకుండా పక్కపెట్టెలోకి, అదే స్పామ్ పెట్టెలోకి, పోవాల్సిందే."

అంటే పంపేవాడికి తను తిట్లు తింటున్నట్టు తెలీదు. తింటూనే ఉంటాడు. కొన్నాళ్లకి వాడి మెయిల్ ఎవరి కంటా పడదు. అదీ వాడికి తెలీదు. ఆ కంత గీర్వాణికి కనబడింది. కాని ఆ రోజు శుక్రవారం, అందరూ జీతాల గురించి ఆలోచిస్తున్నారు, ఆమెతో సహా. సోమవారం అడుగుదాంలే అనుకుంది. సోమవారం, డబ్బు కట్టనివాళ్లకి ఫీడ్ ఆపే ప్రోగ్రాం రాసే పని ఆమెకే అప్పజెప్పారు. రాసింది. పనితనంలో లోటేం లేదు, ఒక్క ఫిర్యాదు కూడా డబ్బు కట్టకుండా బయటికి పోలేదు.

ధర సంగతి పంపేవాళ్లందరికీ మెయిల్ పెట్టారు. 'మా నిబంధనలు మారాయి' అని మొదలయ్యే మెయిల్ చూసి నొసలు చిట్లించని మానవుడు ఈ భూమ్మీద లేడు. కాబట్టి కబురు వాళ్ల మెయిల్‌ని కబురు వాళ్ల కళ్లజోడే జాగ్రత్తగా తీసుకెళ్లి పక్కపెట్టెలో పడేసింది. కళ్లజోడు లేనివాళ్లు మొదటి వాక్యం దగ్గరే చదవడం మానేశారు.

డబ్బున్నవాళ్లు ఫీడ్ కొన్నారు. కొని నేర్చుకున్నారు. ఏ మాటకి నొసలు ముడుచుకుంటుందో, ఏ రంగుకి సాఫుగా ఉంటుందో కనిపెట్టారు. షాంపూవాళ్లు సముద్రం బొమ్మతో మొదలుపెట్టారు. అప్పులిచ్చేవాళ్లు 'ఏం చేస్తున్నారు, భోంచేశారా' అని మొదలుపెట్టారు. నొసటి మీద గీత పడకుండా చెవిలో పువ్వు పెట్టడం ఎలాగో అందరికీ వచ్చేసింది. జనం మెయిల్‌పెట్టెలు ఎంత చల్లగా అయిపోయాయంటే, గీర్వాణి కూడా పొద్దున్నే తెరిచి చూసుకుని హాయిగా ఊపిరి పీల్చుకునేది. అందులో పిన్ని మెయిళ్లు కనబడ్డం లేదని ఆమె గమనించింది కూడా. బుల్లికి బాగానే ఉందన్నమాట, రక్తం దొరుకుతోందన్నమాట అనుకుంది. పని ఒత్తిడిలో గాజువాక వెళ్లి చాలా ఆదివారాలైంది.

*

ఒకరోజు మధ్యాహ్నం గీర్వాణి క్యారేజీ విప్పుతుంటే బాబాయి ఫోన్ చేశాడు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి.

"బుల్లిని ఆసుపత్రిలో జేర్సినాం. రక్తం నేదట. నువ్వోసారి రాగలవేటి?"

ఆమె వెళ్లేసరికి పిన్ని వరండాలో బెంచీ మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. చేతులు ఊరికే ఉంచుకోలేని మనిషి. ఎర్ర పెన్ను ఒకే పేపరు మీద ఆగిపోయి ఉంది. లోపల బుల్లి మంచానికి అతుక్కుపోయినట్టుంది. పెదాలకీ బుగ్గలకీ తేడా లేదు. మెడ దగ్గర నరం గబగబా కొట్టుకోవడం దూరం నుంచే కనబడుతోంది.

"అక్కా, ఖో ఇచ్చినా లేవలేకపోతన్నాను" అంది బుల్లి.

గీర్వాణి బయటికొచ్చి పిన్ని పక్కన కూర్చుంది. "ఎన్నాళ్లుగా పిన్నీ?"

"పోయినసారి సగమే దొరికింది. అంతకు ముందూ అంతే. బ్యాంకులో నెగటివ్‌లు నిండుకున్నాయన్నారు. మెయిల్ పెట్టినాను. మళ్లీ పెట్టినాను. ఈ వారం రోజూ పెడతన్నాను. నీక్కూడా పెట్టినాను కదే, ఆఫీసులో సెప్తావని."

"నాకు రాలేదు."

"పంపించినానే."

"మరి ఎవరూ రాకపోతే ఫోన్లు చెయ్యలేదేం? నువ్వేంటి, ఫోన్ చెయ్యకపోవడమేంటి?"

నూకరత్నం పెన్ను మూత పెట్టింది. "ఎవరూ మొకం ముడవనేదు కదే. రెండు నెలలయింది, ఒక్క పేరు కూడా రానేదు. సూసినారు, వస్తారు, ఎవరి పనులు ఆలకుంటాయి కదా, మద్దిలో ఫోన్ సేసి బలవంతపెట్టకూడదు అనుకున్నాను." పేపర్ల కట్ట పక్కన పెట్టింది. "నువ్వు సేసిన మిషను కదే. అది సెప్పనేదంటే అంతా బాగున్నట్టే అనుకున్నాను."

గీర్వాణి ఫోన్ తీసింది. తన మెయిల్‌లో ఎప్పుడూ తెరవని పక్కపెట్టె తెరిచింది. పిన్ని మెయిళ్లన్నీ అక్కడే ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి, వరసలో నిలబడ్డ బడిపిల్లల్లా. 'బుల్లికి రక్తం కావాలి.' 'బుల్లికి రక్తం కావాలి, ఆఫీసులో చెప్పమ్మా.' 'వాణీ, చూశావా?' ప్రతిదాని పక్కనా కళ్లజోడు పెట్టిన చిన్న గుర్తు: విసుగు. ఆ గుర్తు మీద వేలు పెడితే ఆ క్షణంలో నొసలు ఎలా ఉందో గీతలుగా కనబడుతుంది. ఆ సదుపాయం పెట్టిందీ తనే. మొదటి మెయిల్ దగ్గర వేలు పెట్టింది.

రెండు నిలువు గీతలు, మధ్యలో చిన్న గుంట. వేల నొసళ్ల పక్కన ఆమె 'విసుగు' అని రాసిన గీతలే. ఈసారి ఆ నొసలు ఆమెది.

ఆ క్షణం ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చింది. ఉదయం బస్సులో ఉంది. అద్దం మీద 'బుల్లికి రక్తం' అని మెరిసింది. అయ్యో అనిపించింది. మళ్లీనా అని కూడా అనిపించింది. బస్సు దిగాక చదువుదామనుకుంది, దిగేసరికి అది కళ్లముందు లేదు, మరిచిపోయింది.

ఆమె ఫణీంద్రకి ఫోన్ చేసింది. "అండీ, మీది బి నెగటివ్ కదా?"

"అవును. ఏం?"

"ఎక్కడున్నా వచ్చెయ్యండి."

ఆయన ఎందుకని అడగలేదు.

*

రక్తం ఇచ్చాక ఆయన్ని కాసేపు కూర్చోమన్నారు. ఆసుపత్రి క్యాంటీన్‌లో మోచేతి మీద దూదితో, ముందున్న బిస్కెట్ ప్యాకెట్‌ని చూస్తూ కూర్చున్నాడు ఫణీంద్ర. పరీక్షలన్నీ అయ్యి ఆ రక్తం బుల్లికి ఎక్కడానికి ఇంకా టైముంది. ఆయన ఫోన్ చేసిన ఇద్దరు పాత స్నేహితులు కూడా దారిలో ఉన్నారు.

"టీచరు గారు ఈమధ్య పిలవట్లేదు, అవసరం లేదేమో అనుకున్నానమ్మా" అన్నాడు. "నిజం చెప్పాలంటే, ఉప్మా కూడా గుర్తొచ్చింది."

"మీ పక్కపెట్టె చూసుకోండి."

చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"మీ పిన్నిగారికి ఫీడ్ ఊరికే ఇచ్చేద్దాం. ఇవాళే. ఇలాంటి సేవ చేసేవాళ్లకి ఎవరు కాదంటారు?"

"మా పిన్నికి నేనున్నాను కాబట్టి మీకు తెలిసింది. నాలాంటి అక్క కూతురో మేనకోడలో లేనివాళ్లు ఎంతమంది ఉన్నారో మనకేం తెలుసు? ఈ పాటికి వాళ్లంతా ఏమనుకుంటుంటారు? ఎవరూ విసుక్కోవట్లేదు, బాగుంది అనుకుంటుంటారు."

"అయితే కళ్లజోడుకే సరిగ్గా నేర్పు. దిగులు వేరు, విసుగు వేరు అని. నువ్వే కదా నేర్పింది."

గీర్వాణి తన నొసటి గీతలు ఆయన ముందు పెట్టింది. "ఇది నాది. బుల్లి మెయిల్ చూసినప్పటిది. చెప్పండి, ఇది దిగులా, విసుగా?"

"దిగులే అయ్యుంటుంది. నీ చెల్లెలు కదా."

"నాకు తెలీదండీ." ఆమె గొంతు తగ్గింది. "రెండూ ఉన్నాయి. ఎంత దిగులో ఎంత విసుగో నన్నడిగితే నేనే చెప్పలేను. నేను చెప్పలేనిదాన్ని దానికేం నేర్పను?"

ఫణీంద్ర బిస్కెట్ ప్యాకెట్ చించాడు. తినలేదు.

"ఫీడ్ మళ్లీ అందరికీ ఊరికే ఇచ్చేస్తే దసరాకి కంపెనీ మూసెయ్యాలి గీర్వాణీ. నీ జీతం, నా జీతం సరే. అరవై కుటుంబాలు."

"తెలుసండీ."

గాజు తలుపు అవతల నూకరత్నం ఎవరికో ఫోన్ చేస్తోంది. మాటలు వినబడ్డం లేదు గానీ, చెయ్యి తిప్పడం చూస్తే సంగతి తెలుస్తోంది. ఏం నాయనా, ఇంట్లో అందరూ బాగున్నారేటి. ఒకటి అయ్యాక ఇంకొకటి. గీర్వాణి అటే చూస్తూ ఉండిపోయింది.

"అండీ, షాంపూవాడు ఫీడ్ ఎందుకు కొంటున్నాడు?"

"ఎందుకేంటి? లక్షలమందికి పంపుతాడు. ఎవరేమనుకుంటున్నారో వాడికెలా తెలుస్తుంది?"

"అడగలేడు కదా. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఏం నాయనా అని అడగలేడు. అందుకని కొంటున్నాడు. మా పిన్ని అడగగలదు. అడగగలిగినంతమందికే పంపుతుంది. అలాంటివాళ్లకి లెక్కలూ గీతలూ అక్కర్లేదు, ఒక్క ముక్క చాలు. 'ఫలానావారి నొసలు చిట్లింది, ఎందుకో మాకు తెలీదు' అని. అది ఊరికే ఇద్దాం. పక్కపెట్టెలోకి తోసే ముందే ఇద్దాం. అడగలేనివాడు ఎలాగూ కొంటాడు."

ఫణీంద్ర నవ్వలేదు. మూడు రోజులు ఆలోచించలేదు కూడా. మోచేతి మీద దూదిని వేలితో నొక్కి చూసుకున్నాడు.

"'వీలైతే అడగండి' అని కూడా పెట్టు" అన్నాడు.

*

సాయంత్రానికి బుల్లి పెదాలు మళ్లీ పెదాల రంగుకి వచ్చాయి. వాటికి రంగు తిరిగినంత తేలిగ్గా గుండె తిరగలేదు. రెండు నెలలపాటు పలచని రక్తంతో బండెద్దులా లాగి లాగి అది కాస్త సాగిందని డాక్టరు చెప్పింది. మందులు రాసింది. పరుగులు వద్దంది, ఖో ఖో అసలే వద్దంది. ఎన్నాళ్లు అంటే, చూద్దాం అంది.

బుల్లి ఏడవలేదు. కప్పు తీసి అలమర పైన, తనకి అందనంత ఎత్తులో పెట్టించింది. అది చూసినప్పుడల్లా గీర్వాణి ఏదో ఒకటి మాట్లాడబోయి మానేసేది. ఒకసారి మాత్రం 'తప్పు నాదే బుల్లీ' అంది. బుల్లి ఆలోచించి, "అయితే నా లెక్కలు నువ్వు సెయ్యి" అంది. ఆ ఏడాదంతా గీర్వాణి ఆదివారాలు గాజువాకలో భిన్నాలు కూడుతూ గడిచాయి.

కొత్త పద్ధతి మొదలైంది. కబురు కంపెనీ మునగలేదు. తేలిందని చెప్పడానికీ లేదు. ఊళ్లో చిన్నచిన్నవాళ్లు చాలామంది, స్కూళ్లవాళ్లు, పాలకేంద్రంవాళ్లు, లైబ్రరీవాళ్లు, తమకి వచ్చిన ఆ ఒక్క ముక్క పట్టుకుని ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. కొందరికి తిట్లు పడ్డాయి. కొందరు అవతలివాళ్ల కష్టం విని, దానికేం చెయ్యాలో తెలీక ఇబ్బంది పడ్డారు. అడగడం తేలికేం కాదు. నూకరత్నానికి కూడా తేలిక కాదు, ఆవిడ పైకి కనబడనివ్వదంతే.

ఆ సంగతి గీర్వాణికి తెలిసింది ఇలాగ. బుల్లి పోరు పడలేక పిన్నికి కూడా ఒక కళ్లజోడు కొనిపెట్టింది. ఒక ఆదివారం ఆఫీసులో పని పడి, 'పిన్నీ, ఇవాళ రాలేను, వచ్చేవారం వస్తాను' అని రెండు ముక్కలు మెయిల్ పెట్టింది. కాసేపటికి తన అద్దం మీద తను రాసిన మాటే తిరిగి తన దగ్గరకు వచ్చింది.

'నూకరత్నం గారి నొసలు చిట్లింది. ఎందుకో మాకు తెలీదు. వీలైతే అడగండి.'

గీర్వాణి వరండాలోకి వెళ్లి ఫోన్ చేసింది.

"ఏం పిన్నీ, నా మెయిల్ చూసి మొహం ముడుచుకున్నావట. ఇంట్లో అందరూ బాగున్నారా?"

అవతల నవ్వు వినబడింది. "నా పాట నాకే పాడతన్నావేటే? ఏం నేదు. పొయ్యి మీద పాలు పొంగుతన్నాయి, అందుకని సిట్లించుంటాను."

"పాలు దించేసి చెప్పు."

"దించేసినాను."

"అయితే చెప్పు."

అటునుంచి చాలాసేపు ఏమీ వినబడలేదు. గీర్వాణి ఆగింది. ఇలాంటప్పుడు పిన్ని ఎలా ఆగుతుందో అన్ని ఆదివారాలూ చూసిందిగా. అవతల కుర్చీ లాగిన చప్పుడైంది.

"ఇన్నేళ్లకి ఒకళ్లు అడిగినారే నన్ను" అంది నూకరత్నం. గొంతు పిన్నిది కాదు, ఎవరో చిన్నపిల్లది. "నువ్వొస్తే ఒక గంట కన్ను మూసుకుందారని సూస్తన్నాను. రేత్రుళ్లు దాని గుండె మీద సెయ్యేసుకుని పడుకుంటన్నాను వాణీ. కొట్టుకుంటున్నాదో నేదో అని."

గీర్వాణి కళ్లజోడు తీసి పిట్టగోడ మీద పెట్టింది. అటు సముద్రం ఉందని చాలా రోజుల తర్వాత గమనించింది.

"చెప్పు పిన్నీ. వింటున్నాను" అంది. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, చెప్పులు వేసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆఫీసు పని ఆమె లేకుండానే అయింది, లేదా అవలేదు.

నాకు తెలిసినంతవరకు ఇదీ సంగతి. ఇక మీ వంతు. ఎవరి పేరు మెరిసినప్పుడు మీ నొసలు చిట్లింది? అది విసుగా, దిగులా, చెప్పలేని రెండూనా? ఆ తర్వాత ఎవరైనా ఫోన్ చేసి అడిగారా, లేక మీరే ఎవర్నైనా అడిగారా? నాకు రాయండి. పెద్దదైనా పర్వాలేదు, పైన 'అర్జంటు' అని పెట్టినా పర్వాలేదు, పనసకాయ ఫొటో పెట్టినా సరే. మీ మెయిళ్లు చదివేటప్పుడు నేను కళ్లజోడు తీసేస్తాను.